ఇస్లాపూర్ పండ్ల దవాఖానకు దీపం

మా చిన్నాయిన కూతురు ఇస్లాపూర్‌లో పండ్ల దవాఖాన పెడుతున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. గది దొరికింది, కుర్చీ కుదిరింది, కంప్రెషర్ కుదిరింది. దీపం దగ్గర మాత్రం పని ఆగిపోయింది. నాందేడ్‌లో ఒక దుకాణం వాళ్ళు మూడు కాగితాలు పంపారు. ఒకదాని మీద 20,000 లక్స్, ఇంకోదాని మీద 30,000, మూడోదాని మీద 50,000 అని ఉంది. ధర కూడా అదే వరుసలో పెరిగింది. చెల్లె ఆ మూడింటినీ ఫొటో తీసి మాకు పంపి, "అన్నా, నువ్వు రోజూ టెస్టింగే జేస్తవ్ గద. ఇండ్ల ఏది నిజమో జెర చూసి చెప్పు" అన్నది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పండ్ల గురించి గానీ దీపాల గురించి గానీ మాకు చదువు లేదు. కాగితం మీద రాసింది యంత్రం చేస్తుందా లేదా అని చూడడం ఒక్కటే చేతనైన పని. అందుకే ముందు ఈ దీపాల కథ ఎక్కడ మొదలైందో చదవడం మొదలుపెట్టాం. చదివే కొద్దీ అది మా ఊరి కథలోకి, ఆఖరికి మా పెద్దనాయిన నోటి దాకా వచ్చింది. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందు ఊరి సంగతి. ఇస్లాపూర్ ఇప్పుడు నాందేడ్ జిల్లా, కిన్వట్ తాలూకా. పెన్‌గంగ ఒడ్డు, సహస్రకుండ్ జలపాతం పక్కనే. నది దాటితే యవత్మాళ్ జిల్లా. మమ్మల్ని ఎవరైనా "మీరు మహారాష్ట్రకు ఎప్పుడు వచ్చారు" అని అడిగితే ఏం చెప్పాలో తెలీదు, ఎందుకంటే మావాళ్ళు ఎక్కడికీ రాలేదు. నిజాం కాలంలో ఇస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలో ఒక సర్కిల్. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో బొంబాయి రాష్ట్రానికి ఇచ్చిన ప్రాంతాల జాబితాలో "బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్" అని పేరు పెట్టి మరీ ఉంటుంది, కిన్వట్, రాజురా తాలూకాలతో పాటు. ఆ ఏడు నవంబర్ 1న తాత పొలం బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, ఆయన బావమరుదుల పొలం బోథ్‌లోనే ఉండి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. అప్పటికే నౌకరీకి రాయచూర్ పోయిన చిన్నతాత మైసూరు రాష్ట్రంవాడయ్యాడు. 1960 మే 1న మహారాష్ట్ర వచ్చింది. ఒకే ఇంటివాళ్ళు మూడు రాష్ట్రాల్లో పడ్డారు. మా నాయిన చిన్నతాత దగ్గర పెరిగి అక్కడే స్థిరపడ్డాడు. మేము రాయచూర్‌లో కన్నడ మీడియంలో చదివింది అందుకే. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవి. ఒత్తులు తప్పితే సర్దుకోండి.

ఒక చిన్న ముచ్చట. కన్నడంలో పన్నును 'హల్లు' అంటారు. ఇంట్లో నాయిన అచ్చులు, హల్లులు అని చెప్తుంటే అక్షరాలకు పండ్లు ఏంటని మేము నవ్వేవాళ్ళం. పాత కన్నడంలో అది 'పల్' అట. 'ప' పోయి 'హ' వచ్చింది. మన 'పల్లు', వాళ్ళ 'హల్లు' ఒక ఇంటివే. దీపం విషయంలో ఇంకా సులువు. మనం కందిలి అంటాం, కన్నడంలో కందీలు, మరాఠీలో కందీల్. అరబ్బీ మాట, మూడిండ్లలోనూ వేలాడింది.

ఆ కందిలి వెలుగులో పన్ను చూడడం ఎట్లుండేదో లెక్క వేసి చూశాం. కొవ్వొత్తికి ఒక మీటరు దూరంలో పడే వెలుతురు సుమారు ఒక లక్స్. మంచి కందిలి ఐదారు కొవ్వొత్తులకు సమానం అనుకుందాం. మూతి దగ్గరికి, ఒక అడుగు దూరానికి తెస్తే యాభై అరవై లక్స్. ఇంకా దగ్గరికి తెస్తే మీసం కాలుతుంది. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలు అవుతుంది గానీ వేడి కూడా అట్లే పెరుగుతుంది. పెండ్లిళ్ళకు తెచ్చే పెట్రోమాక్స్ ఉంది కదా, 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో మాక్స్ గ్రెట్స్ తయారు చేసింది, అది మూడు నాలుగు వందల కొవ్వొత్తుల వెలుగు ఇస్తుంది. దాన్ని అర మీటరు దూరంలో పెడితే వెయ్యి లక్స్ దాటుతుంది. కానీ బుస్సుమంటూ మంట పక్కన ఎవరు నోరు తెరిచి కూర్చుంటారు?

మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట సుమారు పదివేల లక్స్ ఉంటుంది. నిండు ఎండలో లక్ష. అందుకే అంగట్ల పన్ను పీకేవాళ్ళు అందరూ పగటిపూటే కూర్చునేవాళ్ళు. బాపమ్మ చెప్పేది: గోనెపట్టా మీద కూర్చోబెట్టి, ముఖం సూర్యుని దిక్కు తిప్పి, "కండ్లు మూస్కో" అనేవాడట. కండ్లు మూసుకోమన్నది నొప్పికి అనుకున్నది బాపమ్మ. ఎండకు అని మాకు ఇప్పుడు తెలిసింది. రోగి కంట్లో వెలుతురు పడడం అనే సమస్య అప్పటికే ఉంది, దానికి వాడు కనిపెట్టిన మందు అది. మబ్బు పడితే పని బంద్. రాత్రి పన్ను నొస్తే లవంగం నూనె పెట్టుకుని తెల్లారేదాకా ఆగుడే.

చదువుకున్న దంతవైద్యుల సంగతీ మొదట్లో దీనికి దూరమేమీ కాదు. యూరప్, అమెరికాల్లో వంద నూటయాభై ఏండ్ల కింద కుర్చీని పెద్ద కిటికీ ముందర వేసేవాళ్ళు. అందులోనూ ఉత్తరం కిటికీ అయితే మేలు. భూగోళం మీద ఉత్తర సగంలో ఉత్తరం కిటికీలోకి ఎండ సూటిగా దాదాపు రాదు. ఆకాశం వెలుగు మాత్రమే వస్తుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుంది. బొమ్మలు గీసేవాళ్ళు కూడా అదే కిటికీ వెతుక్కునేవాళ్ళు. మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో 1920లో పెట్టారు. అదే 1920లో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ఖానా మొదలైంది. దంతవైద్యుల చట్టం 1948 మార్చి 29న వచ్చింది. అప్పటికి మావాళ్ళు ఇంకా నిజాం ప్రజలే, సెప్టెంబర్ 17 దాకా. ఆ చట్టం మా అంగటి పన్ను పీకేవానికి తెలియదు, ఆయన చట్టానికి తెలియడు.

నోట్లోకి కరెంటు వెలుగు పంపాలని మొదట ప్రయత్నించిన వాళ్ళలో బ్రెస్లావ్ ఊరి దంతవైద్యుడు యూలియుస్ బ్రుక్ ఒకడు. 1867లో ప్లాటినం తీగను కరెంటుతో ఎర్రగా కాల్చి, ఆ వెలుగులో నోరు చూసే పరికరం చేశాడు. ఎడిసన్ బల్బు 1879 నాటిది. అంటే బల్బు కంటే పన్నెండేండ్ల ముందు. తీగ వేడికి నోరు కాలకుండా చుట్టూ నీళ్ళు పారించేవాడు. దీన్ని చదివినప్పుడు మాకు మొదటిసారి విషయం సమఝైంది. దీపం కాగితాల మీద రాసేది ఎంత వెలుతురు అని మాత్రమే. కానీ ఈ నూటయాభై ఏండ్లలో దంతవైద్యులు కొట్లాడింది వెలుతురు తక్కువైందని కాదు. వేడితో కొట్లాడారు, నీడతో కొట్లాడారు, రోగి కండ్లతో కొట్లాడారు, రంగుతో కొట్లాడారు. ఒకదాన్ని గెలిచినప్పుడల్లా ఇంకొకటి మీదికి వచ్చింది.

నీడ సంగతి చూడండి. బల్బు వచ్చినాక వెలుతురు ఎటంటే అటు తిప్పుకునే సౌకర్యం దొరికింది. కానీ ఒకే చోటు నుంచి వచ్చే వెలుగుకు చెయ్యి అడ్డం వస్తే గట్టి నీడ పడుతుంది. దంతవైద్యుని చెయ్యి, అద్దం, డ్రిల్లు అన్నీ ఆ చిన్న సందులోనే ఉంటాయి. 1920 ప్రాంతంలో అల్జీర్స్‌లో భౌతికశాస్త్రం చెప్పే లూయీ వెరాన్ అనే ఫ్రెంచి ప్రొఫెసర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఒక్క బల్బు, దాని చుట్టూ వలయంగా చాలా అద్దాలు. వెలుగు అన్ని దిక్కుల నుంచీ వచ్చి ఒక చోట కలుస్తుంది, ఒక దిక్కు చెయ్యి అడ్డం పెట్టినా మిగతా దిక్కుల నుంచి వెలుగు వస్తూనే ఉంటుంది. దానికి సియాలిటిక్ అని పేరు పెట్టాడు, గ్రీకులో నీడను కరిగించేది అని అర్థం. ఆపరేషన్ థియేటర్లలో పైన వేలాడే పెద్ద పళ్ళెం లాంటి దీపాలన్నీ దాని వంశమే. ఇప్పుడు పండ్ల కుర్చీ మీద నాలుగు, ఆరు, ఎనిమిది ఎల్ఈడీలు విడివిడిగా అమర్చడం కూడా అదే లెక్క. కాబట్టి ఎన్ని ఎల్ఈడీలు అని లెక్కపెట్టడం కన్నా అవి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. ఆరు దీపాలు ఒకే ముద్దగా ఉంటే అది ఒక దీపమే.

వేడిని గెలవడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. హాలోజెన్ బల్బుకు జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు 1959లో పేటెంటు తీసుకున్నారు. చిన్న బల్బులో తెల్లటి గట్టి వెలుగు. కానీ అది కూడా వేడి తీగే, తిన్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే వదులుతుంది. దానికి వేసిన అద్దం మాత్రం తమాషాగా ఉంటుంది: కంటికి కనిపించే వెలుగును ముందుకు తిప్పి, వేడిని వెనక్కి జారవిడుస్తుంది. పాత దవాఖానల్లో ఆ దీపం వెనక చెయ్యి పెట్టినవాళ్ళకు తెలుసు. మా చెల్లె చదువుకునే రోజుల్లో ఆ దీపం కింద ఎండకాలం పని చేస్తే నుదురు చెమట రోగి మీద పడకుండా చూసుకోవడమే సగం పని అనేది.

ఇక రంగు. ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

మా పెద్దనాయిన తంబాకు సున్నం కలిపి కింది దవడ సందులో పెట్టుకునేవాడు. మా దిక్కు అది వింత కాదు. నది అవతల యవత్మాళ్ వైపు ఖర్రా, ఇవతల తంబాకు. మహారాష్ట్ర ప్రభుత్వం 2012లో గుట్కా నిషేధించినా చేతిలో నలిపే తంబాకును ఎవరు ఆపుతారు? పెద్దనాయిన ఒకసారి పన్ను కదులుతుందని దూరం ఊళ్ళో ఒక దవాఖానకు పోయాడు. ఊరు పేరు, దవాఖాన పేరు అవసరం లేదు. తోడు పోయిన చిన్నాయిన చెప్పింది ఏమంటే, కుర్చీ దీపం చెడిపోయి ఉంది, పైన కప్పుకు ట్యూబ్‌లైట్ ఉంది, డాక్టర్ దాని కిందనే చూసి పన్ను తీసి పంపించాడు. ఏడాదిన్నర తర్వాత ముద్ద దిగక నాందేడ్ పోతే దవడ లోపల మచ్చ పుండై ఉంది. ఆ తర్వాత సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, మళ్ళీ రాయం.

ఆ మొదటి రోజు మచ్చ ఉందో లేదో మాకు తెలియదు. ఉన్నా, ట్యూబ్‌లైట్ వల్ల కనబడలేదా, చూడాల్సినంత చూడలేదా, ఎవరూ చెప్పలేరు. ఏడాదిన్నర పెద్దనాయిన కూడా ఎవరికీ నోరు చూపించలేదు. తప్పంతా దీపం మీద వేసేటంత అమాయకులం కాదు. కానీ చెల్లె పండ్ల డాక్టర్ కావాలనుకున్నది ఆ ఏడే. ఇప్పుడు దీపం కొనేటప్పుడు "ఎరుపు ఎట్ల కనబడుతది" అని ఆమె మొదట అడగడానికి కారణం అదే. నోట్లో తెల్లమచ్చ అయితే కొంత మేలు, కనబడుతుంది. ఎర్రమచ్చ మామూలు ఎర్ర చర్మంలో కలిసిపోతుంది, అపాయం దానిలోనే ఎక్కువ. దీపం రోగం ఏదో చెప్పదు, దానికి ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. కానీ ముక్క తియ్యాలనే అనుమానం రావాలంటే మచ్చ కంటికి ఆనాలి.

ట్యూబ్‌లైట్‌తో రెండు చిక్కులు. ఒకటి, అది డాక్టర్ తల వెనక ఉంటుంది, తల నీడ తిన్నగా నోట్లో పడుతుంది. రెండు, పాతకాలపు ట్యూబ్‌లైట్లు రంగులను సరిగ్గా చూపవు. దీనికి ఒక కొలత ఉంది, రంగు సూచిక, సీఆర్ఐ అంటారు. వందకు వంద అంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. పాత ట్యూబ్‌లైట్లది 60, 70 మధ్య ఉండేది. హాలోజెన్‌ది దాదాపు 100. అంటే వేడితో వేగినా, హాలోజెన్‌కు ఎరుపు బాగా తెలుసు.

ఎల్ఈడీ వచ్చి వేడిని గెలిచింది, ఎరుపును పోగొట్టింది. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలం వెలుగు, పైన పసుపు పూత. నీలం ఎల్ఈడీకి గట్టి వెలుగు తెచ్చింది జపాన్‌లో షూజీ నకమురా, 1993లో; ఈ పనికి 2014లో అకసాకి, అమానోలతో కలిపి నోబెల్ వచ్చింది. నీలం, పసుపు కలిస్తే కంటికి తెలుపే, కానీ అందులో ముదురు ఎరుపు తక్కువ. పైగా సీఆర్ఐ లెక్కలో ఒక మెలిక ఉంది. అది ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు తొమ్మిదో నంబరు, ఆర్ 9 అంటారు, ఆ సగటులో లేనే లేదు. అంటే సీఆర్ఐ 80 పైన అని రాసి ఉన్న దీపం ఎరుపు దగ్గర ఫెయిల్ అయి ఉండొచ్చు, కాగితం అబద్ధం చెప్పినట్టు కాదు. టెస్టింగ్‌లో ఇట్లాంటివి మేము రోజూ చూస్తాం. సగటు పాస్, కావాల్సిన చోట ఫెయిల్.

దుకాణానికి పోయిన రోజు సంచిలో ఒక లక్స్ మీటరు, కొలిచే టేపు, ఫోను, ఇంకా బాపమ్మ డబ్బాలోని కుంకుమ, ఒక ఎండు మిరపకాయ, ఇటుక ముక్క పెట్టుకుని పోయాం. దుకాణం వాళ్ళు ఇటుక చూసి కొంచెం భయపడ్డారు.

మొదట దూరం. 50,000 లక్స్ దీపం నిజంగానే 50,000 చూపించింది, మీటరును దీపానికి అరచెయ్యంత దగ్గర పెడితే. కుర్చీలో మనిషి నోరు దీపానికి సుమారు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, ఐఎస్ఓ 9680 అనే ప్రమాణం కూడా ఆ దూరంలోనే కొలవమంటుంది. అక్కడ పెడితే అంకె సగానికన్నా కిందికి పోయింది. 20,000 అన్న దీపం మాత్రం 70 సెంటీమీటర్ల దగ్గర 19,000 పైచిలుకు చూపించింది. అంటే కాగితాల మీది మూడు అంకెలు మూడు వేర్వేరు దూరాలవి. దుకాణం అతను "కంపెనీ వాళ్ళు అట్లే రాస్తరు సార్" అన్నాడు. వాళ్ళను నమ్మి కొన్నవాళ్ళు ఎంతమందో.

తర్వాత కండ్లు. అదే ప్రమాణం ప్రకారం నోటి మీద వెలుతురు ఎంతున్నా, ఆ వెలుగు మచ్చకు 60 మిల్లీమీటర్లు పైన, అంటే కండ్ల వైపు, 1,200 లక్స్ దాటకూడదు. మంచి దీపం వెలుగు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. చెల్లె స్వయంగా కుర్చీలో పడుకుంది, మేము మీటరును ఆమె కనుబొమ్మల దగ్గర పెట్టాం. 50,000 దీపం అంచు మసకగా పాకి కండ్లలోకి వచ్చింది, మీటరు నాలుగు వేలు దాటింది. అంగటివాడు కండ్లు మూస్కోమన్నది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఫోను కెమెరాతో మినుకు చూశాం. కొన్ని ఎల్ఈడీలు వెలుతురు తగ్గించమంటే నిజంగా తగ్గించవు, కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతాయి. కెమెరాలో నల్లటి పట్టీలు కదులుతాయి. రోజంతా దాని కింద పని చేస్తే తలనొప్పి. మధ్య దీపం తక్కువ వెలుతురు మీద పట్టీలు చూపించింది.

చివరికి కుంకుమ. తెల్ల కాగితం మీద కుంకుమ, మిరపకాయ, ఇటుక వరుసగా పెట్టి, ముందు దుకాణం బయట పగటి వెలుగులో చూశాం, తర్వాత ఒక్కో దీపం కింద. 50,000 దీపం కింద కుంకుమకూ ఇటుకకూ పెద్ద తేడా లేదు, రెండూ ఒకే మట్టి రంగు. 20,000 దీపం కింద మూడు ఎరుపులు మూడు తీర్లుగా కనబడ్డాయి. దాని కాగితం మీద సీఆర్ఐ 95 అని, ఆర్ 9 అంకె కూడా వేరుగా ఉంది. చెల్లె తన కింది పెదవి బయటికి తీసి అద్దంలో చూసుకుంది. ఏమీ అనలేదు, చాలాసేపు చూసింది.

పంటి రంగు కోసం కూడా రంగు దీపం కావాలి, అది వేరే ముచ్చట. కట్టుడు పన్ను పెట్టేటప్పుడు పక్క పంటితో పోల్చే రంగుల పట్టీ ఉంటుంది, జర్మనీ వాళ్ళ వీటా పట్టీలో పదహారు రంగులు. అది మార్కెట్‌లోకి వచ్చింది 1956లో, మా ఊరు తాలూకా మారిన ఏడే. దానికి అన్నిటికన్నా మేలైన వెలుగు ఇప్పటికీ పగటి వెలుగే అంటుంది చెల్లె. రోగిని కిటికీ దగ్గర నిలబెట్టి చూస్తుందట.

ఇంకొక మీట గురించి మాకు మొదట అర్థం కాలేదు. మంచి దీపాల మీద పసుపు వెలుగు మీట ఒకటి ఉంటుంది. పిప్పిపన్నులో నింపే తెల్ల సిమెంటు లాంటి కాంపోజిట్ నీలం వెలుగు తగిలితే గట్టిపడుతుంది, 470 నానోమీటర్ల దగ్గర వెలుగుకు బాగా స్పందిస్తుంది. డాక్టర్ దాన్ని పంటిలో ఆకారం దిద్దుతుండగానే పైనున్న ఎల్ఈడీలోని నీలం దాన్ని గట్టిపరచడం మొదలుపెడుతుంది. అందుకే ఆ పని చేసేటప్పుడు నీలం తీసేసిన పసుపు వెలుగు కావాలి. కందిలి వెలుగు అన్నమాట. నూరేండ్లు కష్టపడి తెలుపు తెచ్చుకుని, మళ్ళీ ఒక మీట నొక్కి కందిలి రంగుకు పోతున్నారు.

కరెంటు సంగతి లేకుండా మా ఊరి దీపం కథ పూర్తి కాదు. 2005, 2006 ప్రాంతంలో మహారాష్ట్ర పల్లెల్లో లోడ్‌షెడ్డింగ్ రోజుకు పది పన్నెండు గంటలు ఉండేది. ఇప్పుడు అంత లేదు గానీ వానాకాలం గాలి వస్తే లైను పోతుంది. పాత హాలోజెన్ దీపాలు కొన్ని 150 వాట్లు తినేవి. ఎల్ఈడీ 20 వాట్ల లోపే. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో పేరుకు 1,800 వాట్-గంటలు ఉంటాయి. సగమే వాడుకున్నా ఈ దీపం ఒక రోజంతా వెలుగుతుంది. కానీ డ్రిల్లును తిప్పే గాలి కంప్రెషర్ నుంచి రావాలి, ఒక హార్స్‌పవర్ కంప్రెషర్ అంటే 746 వాట్లు, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ దానికి సరిపోదు. ట్యాంకులో మిగిలిన గాలితో చేతిలో ఉన్న పని ముగించొచ్చు, కొత్త పని మొదలుపెట్టలేం. అంటే కరెంటు పోయినప్పుడు దవాఖాన చూసే దవాఖాన అవుతుంది, చేసే దవాఖాన కాదు. చూడడమే మాకు ముఖ్యం కాబట్టి ఇది తక్కువేమీ కాదు. 1871లో అమెరికాలో మారిసన్ అనే ఆయన కాలితో తొక్కే డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నాడు, కుట్టుమిషన్ లాగా. అది ఇప్పుడు దొరికితే చిన్నాయిన కొనేవాడు.

కుర్చీ దీపం మీద మిగిలిన డబ్బులు గదికి పెట్టించాం. దీన్ని మాత్రం గట్టిగానే చెప్తాం: దీపం మీద ఎక్కువ పెట్టి గదిని చీకట్లో ఉంచకండి. నోట్లో 20,000, గదిలో 100 ఉంటే డాక్టర్ కన్ను నోటి నుంచి ట్రే మీదికి, ట్రే నుంచి నోట్లోకి తిరిగినప్పుడల్లా సర్దుకోవాలి, సాయంత్రానికి కండ్లు మండుతాయి. యూరప్ లెక్కల్లో దంతవైద్యుని గదికి 500 లక్స్, రోగి చుట్టూ 1,000 ఉండాలంటారు. మేము కప్పుకు నాలుగు ప్యానెళ్ళు వేయించాం, సీఆర్ఐ 90 ఉన్నవి, కుర్చీకి నేరుగా పైన కాకుండా పక్కలకు. పడుకున్న మనిషి చూసేది కప్పునే కదా.

కుర్చీని మేస్త్రీ తలుపు దిక్కు పెట్టబోయాడు, వాస్తు అన్నాడు. చెల్లె ఉత్తరం కిటికీ దిక్కు పెట్టించింది. ఆ కిటికీలోంచి పెన్‌గంగ దిక్కు పొలాలు కనబడతాయి. మేస్త్రీ కోపగించుకున్నాడు, తర్వాత ఉత్తరం కుబేరుని దిక్కు అని చిన్నాయిన ఒప్పించాడు.

కొన్నది 20,000 దీపం. ఊడదీసి ఆటోక్లేవ్‌లో పెట్టే పిడి ఉంది, చెయ్యి ఊపితే వెలిగే సెన్సర్ ఉంది, పసుపు మీట ఉంది. వోల్టేజీ ఎగిరినప్పుడు పాడయ్యేది ఎల్ఈడీ కాదు, దాని వెనక డ్రైవర్ పెట్టె అని తెలిసి ఒక స్టెబిలైజర్ కూడా వేయించాం. 50,000 గంటలు అని కంపెనీ రాసింది, వెలుతురు 70 శాతానికి తగ్గేదాకా అని దాని అర్థం. రోజుకు ఎనిమిది గంటల లెక్కన పదిహేడేండ్ల పైనే. డ్రైవర్ అన్నేండ్లు ఉంటుందని మాకు నమ్మకం లేదు. అందుకే విడిభాగం దొరుకుతుందా అని ముందే అడిగి, బిల్లు మీద రాయించుకున్నాం.

మొదటి వారం వచ్చినవాళ్ళలో సగం మంది పంటి నొప్పికి వచ్చారు, మిగతా సగం చుట్టరికానికి వచ్చారు. చెల్లె అందరినీ ఒకే తీరుగా చూసింది: ముందు నాలుక ఎత్తించి, రెండు దవడల సందులూ, పెదవుల లోపలా, ఆ తర్వాతే నొస్తున్న పన్ను. మరాఠీ వాళ్ళతో మరాఠీలో, గోండు అవ్వలతో వచ్చినంత గోండిలో, మనవాళ్ళతో తెలుగులో. బోథ్ నుంచి వచ్చిన మేనత్తను కూర్చోబెడితే ఆమె దీపం దిక్కు కాకుండా కిటికీ దిక్కే ముఖం తిప్పింది. "అత్తా, ఇటు జూడు" అంటే, "నీ దీపం కండ్లల్ల పడ్తలేదు గద, మరి నోట్ల ఏం గనబడ్తది" అన్నది.

గోడకు ఒక నోటు పుస్తకం వేలాడదీశాం. ఆరు నెలలకు ఒకసారి 70 సెంటీమీటర్ల దూరంలో మీటరు పెట్టి అంకె రాయాలి, కనుబొమ్మల దగ్గర అంకె రాయాలి, కుంకుమ పక్కన ఇటుక పెట్టి చూడాలి. మొదటి పేజీలో మేము తెలుగులో రాశాం: నోటి దగ్గర 19,400, కంటి దగ్గర 900. దాని కింద చెల్లె మరాఠీలో తేదీ వేసి సంతకం పెట్టింది. ఇటుక ముక్క డ్రాయర్‌లో ఉంది, పారేయవద్దని కాంపౌండర్ పిల్లకు చెప్పాం.